అరగదీసిన ఆడబొమ్మ

పోయిన ఆదివారం మా వదిన ఆన్‌లైన్‌లో తెప్పించిన పెట్టె విప్పితే ఇల్లంతా గులాబీ వాసన కొట్టింది. డబ్బా మీద రక్తచందనం ఫేస్ ప్యాక్ అని రాసుంది, దాని కింద మచ్చలు, మరకలు, పుండ్ల గుర్తులు అన్నీ మాయమని ఒక పెద్ద భరోసా ఉంది, పక్కనే పుట్టిన నాటి నుంచి మచ్చ అనే మాటే విననట్టున్న ఒక అమ్మాయి నవ్వుతా ఉంది. మా అన్న కూతురు సైకిలు మీంచి పడి గడ్డం కొట్టుకుంటే, పక్కు ఊడిన చోట చింతగింజంత నల్లమచ్చ పడింది, దానికోసం ఈ ఏర్పాటు. పిల్లకి ఐదేళ్ళు. అద్దంలో తన గడ్డం తాను చూసుకునే ఎత్తు కూడా దానికింకా రాలేదు. అమ్మ డబ్బా చేతికి తీసుకుని, కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టుకుని, చాలాసేపు వాసన చూసి మూత పెట్టేసింది. ఇది రక్తచందనం కాదు, రక్తచందనానికి వాసనుండదు అని మాత్రం చెప్పి, లేచి దేవుడి గదిలోకి పోయింది. వదిన మొహం చిన్నబోయింది. నాయన పేపరు తిప్పినాడు.

అమ్మ చెప్పింది నిజమే. మంచిగంధం చెక్కని రాయి మీద కాస్త తిప్పితే చాలు, ఈ ఇంట్లో ఏదో శుభకార్యం జరుగుతోందని పక్కింటి వాళ్ళకి కూడా తెలిసిపోతుంది. రక్తచందనం అట్లా కాదు. ఎంత అరగదీసినా తడిసిన మట్టికి వచ్చేంత వాసన కూడా రాదు, రంగు మాత్రం వస్తుంది, అదీ మామూలు రంగు కాదు, చూసినవాళ్ళు ఎవరికి దెబ్బ తగిలిందని అడిగేంత రంగు. ఈ సంగతి నేను ఎక్కడా చదివి తెలుసుకోలేదు. నా చిన్నతనంలో ఎక్కువ భాగం అది నా ఎడమ బుగ్గ మీద ఆరుతూనే గడిచింది.

మా ఇల్లు వడమాలపేటలో. నాయనకి పుత్తూరులో ఎరువుల అంగడి, ఊరి బయట కొంచెం మామిడితోట. ఇంట్లో నాయన, అమ్మ, అన్న, నేను, మా అందరి మీదా అవ్వ. అవ్వ అంటే నాయన్ని కన్నతల్లి. చర్మం అనేది మా ఇంట్లో ఎవరి సొంత విషయమూ కాదు, అది అవ్వ శాఖ. మామిడి కాలంలో చెట్టు కిందే కాయ కొరికే పిల్లలకి సొన కారి మూతి చుట్టూ పుండ్లు పడేవి, వాటికి కొబ్బరినూనెలో పసుపు కలిపి పూసి, బంగారు మూతులతో మమ్మల్ని వీధిలోకి వదిలేది. వానాకాలం దోమకాట్లు గోకి గోకి పుండ్లైతే వేపాకు నూరి పట్టు వేసేది. మోకాలు చెక్కుకుపోతే గోడవార మొలిచిన గడ్డిచామంతి ఆకు నలిపి పసరు పిండేది, అది చుర్రుమని మండేది, మండితేనే మందు పనిచేస్తున్నట్టని అవ్వ నమ్మకం, ఆ మాటకొస్తే అవ్వ నోరు కూడా గొప్ప మందే. చలికాలం పగిలిన చెంపలకి మీగడ, మడమలకి ఆముదం, తలంటు రోజు ఒళ్ళంతా పెసరపిండి నలుగు. వంటింట్లోకి వచ్చిన సరుకులో సగం తినేవాళ్ళం, సగం పూసుకునేవాళ్ళం.

నేను రెండో తరగతిలో ఉండగా, ఎండలు ముదిరే వేళకి, నాకూ అన్నకూ ఒకేసారి అమ్మవారు పోసింది. ఆటలమ్మని మా వైపు జబ్బు అనరు, అమ్మవారు వచ్చింది అంటారు, చెప్పకుండా దిగిన చుట్టం గురించి మాట్లాడినట్టు గొంతు తగ్గించి, ఎప్పుడు పోతుందో అడగడానికి భయపడుతూ. గడపకి వేపమండలు కట్టినారు, పక్క మీద వేపాకు పరిచి మా ఇద్దర్నీ పడుకోబెట్టినారు. ఆవాలు చిటపటమంటే అమ్మవారికి కోపమొస్తుందని ఇంట్లో తిరగమోత బంద్ చేసినారు, ఆ తల్లి ఉన్నన్నాళ్ళూ పెరుగన్నం, చప్పిడి పప్పు. నాయన అంగడి పక్కనున్న హోటల్లో తాలింపు కూరలు తినొస్తున్నాడని ఇంట్లో అందరికీ తెలుసు, అమ్మవారికి తెలుసో లేదో. పొక్కులు ఎండి పక్కులు కట్టినాక దురద మొదలైంది. వేపమండతో నిమరడమే తప్ప గోరు తగలకూడదు. నా చేతులకి అమ్మ పాత పంచెగుడ్డతో సంచులు కుట్టి కట్టింది. అన్న చేతులకి కట్టలేదు, వాడు హాయిగా గోక్కున్నాడు.

నీళ్ళు పోసే రోజు, పెరట్లో ఎండకి కాగిన నీళ్ళలో వేపాకు, పసుపు వేసి నన్ను బండ మీద కూర్చోబెట్టినారు. అమ్మ చెంబుతో పోస్తా ఉంటే అవ్వ రుద్దింది. చింతపండు పెట్టి ఇత్తడి బిందెలు తోమే చెయ్యి అది, దానికి బిందెకీ బిడ్డకీ తేడా తెలీదు. ఎడమ బుగ్గ మీద ఇంకా పచ్చిగా ఉన్న పక్కు ఒకటి ఆ చేతి కింద ఊడి పసుపునీళ్ళలో పడింది, వెనకే కొంచెం రక్తం. నేను చూసినాను. అమ్మ చూసింది. అవ్వ కూడా చూసింది, చూసి, తడిసిన సంచుల్లో ముడివేసున్న నా రెండు చేతుల వైపు తిరిగి అడిగింది.

"ఏమ్మే, గిల్లినావా?"

అమ్మ చెంబు పట్టుకుని అట్లే నిలబడింది. అత్త చేసింది కళ్ళారా చూసినా, చూసినానని కోడలు చెప్పే ఇల్లు కాదు మాది. పొద్దు వాలే లోపల, చెప్పినా వినకుండా పక్కు గిల్లుకుని బుగ్గన గుంట పెట్టుకున్న పిల్లగా నాకు వీధిలో పేరొచ్చేసింది. గుంట శనగగింజంత ఉంటుంది. పేరు అంతకన్నా పెద్దది.

అమ్మది తిరుపతి. అమ్మ పెళ్ళికి సారెతో పాటు అమ్మమ్మ ఒక జత మరపాచి బొమ్మలు పెట్టింది. అలిపిరి పోయే దారిలో బొమ్మల అంగళ్ళు వరసగా ఉన్న కాలంలో కొన్నవి, రక్తచందనం చెక్కలో చెక్కిన జానెడు మొగబొమ్మ, జానెడు ఆడబొమ్మ. మొగబొమ్మకి తలపాగా, కోరమీసం. ఆడబొమ్మకి జడ, ముక్కుపుడక, తెలిసినవాళ్ళెవరినో చూసి నవ్వబోయి ఆగినట్టుండే ఒక మొహం. మా వైపు దసరా బొమ్మల కొలువులో మొదట మెట్టెక్కేది ఈ జతే, దేవుళ్ళయినా సరే వీళ్ళ తర్వాతే. నేను పుట్టకముందే అమ్మమ్మ పోయింది. సరైన ఫోటో కూడా లేదు. ఆడబొమ్మ మొహం అచ్చం మా అమ్మదే అని అమ్మ ఒకసారి కొలువు సర్దుతూ అన్నది. చెక్కబొమ్మ మొహం ఎవరి మొహంలాగైనా ఉంటుంది. నోటికి ప్రతిదీ వచ్చేసే పిల్లనే గానీ, ఆ మాట మాత్రం నేను అనలేదు.

ఈ బొమ్మలకి ఇంకో పని కూడా ఉంది. పిల్లలకి మచ్చలు పడితే సానరాయి మీద నీళ్ళు చల్లి, బొమ్మ పాదాలు అరగదీసి, ఆ ఎర్రగంధం పూస్తారు. అందులో వింతేమీ లేదు, చాలా ఇళ్ళలో బొమ్మలకి పాదాలుండవు. మా ఇంట్లో పని పాదాలతో ఆగలేదు. నా గుంటకి రక్తచందనమే మందని అవ్వ తీర్మానించింది, ఏ బొమ్మని అరగదీయాలో కూడా తనే తీర్మానించింది. మొగబొమ్మ అరిగితే ఇంటి మొగోడి ఆయుష్షు అరుగుతుందంట. ఆడబొమ్మ అరిగితే ఎవరి ఆయుష్షు అరుగుతుందో అవ్వ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. పక్కు ఊడదీసింది అవ్వ, బొమ్మ అమ్మది, బుగ్గ నాది, నాయనకీ అన్నకీ మాత్రం నిండు నూరేళ్ళు. అన్న మొహాన నాకంటే ఎక్కువ గుంటలున్నాయని ఎవరో అంటే, మొగోనికి మచ్చ ఉంటే ఏమి, గుర్తు పట్టేదానికి బాగుంటాదని అవ్వ కొట్టిపారేసింది. వాడు తప్పిపోయి గుర్తు పట్టాల్సిన అవసరం మాకు ఎప్పుడూ రాలేదు, దురదృష్టవశాత్తు వాడు ఎక్కడికీ పోలేదు.

బడి నుంచి రాగానే పుస్తకాల సంచి దింపేలోపు అవ్వ బావి గట్టు కాడ సానరాయి ముందేసుకుని కూర్చునేది. బొమ్మని నిలువుగా పట్టుకుని గుండ్రంగా తిప్పుతా ఉంటే సర్రు సర్రుమని ఒక శబ్దం వచ్చేది, ఇప్పటికీ ఎవరైనా చెప్పులు ఈడ్చుకుంటూ నడిస్తే నా బుగ్గ చల్లబడుతుంది. పూసినాక ఆరేదాకా నవ్వకూడదు, మాట్లాడకూడదు, పూత పగిలితే మందు పారదంట. అన్న నా ఎదురుగా కూర్చుని కోతి మొహాలు పెట్టేవాడు. బుగ్గ కదలకుండా, పెదవి మూల నుంచి, వాడికి తగిలే మాట ఒకటి జారవిడవడం నేను ఆ బావి గట్టు మీదే నేర్చుకున్నాను. గుంట తగ్గలేదు గానీ ఆ చదువు మాత్రం బాగా వచ్చింది.

బొమ్మ తగ్గింది. ముందు పాదాలు పోయినాయి, తర్వాత చీర కుచ్చిళ్ళు, తర్వాత మోకాళ్ళు. మొదటి దసరాకి ఆడబొమ్మ మొగబొమ్మ భుజానికి దిగిపోతే, అమ్మ దాని కింద అగ్గిపెట్టె పెట్టి పట్టు ముక్కతో చీర కట్టి ఇద్దర్నీ సమానం చేసింది. మరుసటేడు అగ్గిపెట్టె చాలలేదు, దారపు ఉండ వచ్చింది. ఆ తర్వాత దారపు ఉండ మీద అగ్గిపెట్టె. పేరంటానికి వచ్చినవాళ్ళు తాంబూలం తీసుకుంటూ, ఎంత ఒద్దికైన జంట అని మెచ్చుకునేవాళ్ళు, మొగుడు పెళ్ళాలంటే ఇట్లా సరిజోడు ఉండాలని పెళ్ళికాని పిల్లలకి చూపించి చెప్పేవాళ్ళు. చీర కింద ఏముందో అమ్మకీ నాకూ తెలుసు. అవ్వకి ఇంకా బాగా తెలుసు.

అరుగుడు నడుము దాటి రొమ్ము దాకా వచ్చినప్పుడు అమ్మ మొదటిసారి నోరు తెరిచింది. పెరట్లో బట్టలు ఆరేస్తూ, అవ్వ వైపు తిరక్కుండా, తాడుకి చెప్పినట్టు చెప్పింది.

"అత్తా, మొగం మాత్రం వద్దు."

"మొగం నాకేంటికమ్మా," అనింది అవ్వ, అరగదీయడం ఆపకుండా. "నేనేమన్నా దానికి ముద్దు పెడతానా."

మాట మీద నిలబడింది కూడా. మెడ దాకా వచ్చినాక, కుంకుడుకాయంత తలని పాత పట్టుగుడ్డలో చుట్టి అమ్మ చేతికి ఇచ్చేసింది. నా బుగ్గ వైపు చూసి, శానా వరకు పూడింది అని కూడా ప్రకటించింది. గుంట ఎక్కడిదక్కడే ఉంది, చుట్టూ బుగ్గ పెరగడంతో కాస్త చిన్నదిగా కనిపించిందంతే. అంతటితో ఆగిపోయి ఉంటే ఈ కథ ఇంకోలా ఉండేది.

నేను ఏడో తరగతికి వచ్చినాను. పుత్తూరులో మేం చదివిన ప్రైవేటు బడిలో ఏటా వార్షికోత్సవానికి కొండమీది స్వామి పెళ్ళి నాటకం వేసేవాళ్ళు. ఆ పెళ్ళి జరిగిన నారాయణవనం మాకు దగ్గరే కాబట్టి, అది మా ఇంటి పెళ్ళే అన్నట్టు ఊళ్ళన్నీ కదిలి వచ్చేవి. ఆ ఏడు పెళ్ళికూతురు అమ్మవారి వేషానికి నన్ను అనుకున్నారు, పద్యాలు తడబడకుండా చెబుతానని. డాన్సు టీచరు నా గడ్డం పట్టుకుని మొహం అటు తిప్పి ఇటు తిప్పి, అమ్మవారి బుగ్గన అమ్మవారి గుంట ఉంటే ఏం బాగుంటుంది, ఆనాటికి కొంచెం తగ్గితే చూద్దాం, లేకపోతే గుంట కనపడకుండా చెలికత్తెల్లో కుడివైపు నిలబడుదువు అని తేల్చింది. నాకు ఆ వేషం కావాలి. ఎంత కావాలంటే, ఆ పూట ఇంటికి వచ్చి ఆ మాట ఎగతాళిగా చెబుదామని మొదలుపెట్టి, మధ్యలోనే అన్న ముందర ఏడ్చినాను. వాడు కోతి మొహం పెట్టలేదు. అది ఇంకా అవమానంగా అనిపించింది.

అవ్వ లేచి సానరాయి కడిగింది. కడిగి, అమ్మ ఆ తల దాచిన దేవుడి గది వైపు ఒకసారి, మొగబొమ్మ ఉన్న గూడు వైపు ఒకసారి చూసింది. గూటి వైపు చూసిన చూపు వెంటనే తిప్పేసుకుంది. అమ్మ లోపలికి పోయి ఆ పట్టుగుడ్డ ముడి తెచ్చి, అవ్వ చేతికివ్వకుండా తనే రాయి ముందు కూర్చుంది.

"నేను తీస్తాలే అత్తా."

ఆ మరుసటి రోజు నుంచి రోజూ పొద్దున్నే, నా జడ వేసే ముందు, అమ్మ అరగదీసింది. గడ్డం పోయింది. నవ్వబోయి ఆగిన నోరు, ఇక నవ్వే అవకాశం లేకుండా పోయింది. ముక్కుపుడక ఒక పొద్దున ఉంది, ఇంకో పొద్దున లేదు. తల చిన్నదయ్యే కొద్దీ పట్టుకోవడానికి చోటు లేక అమ్మ వేళ్ళు రాయికి ఒరుసుకునేవి, గంధం ఎరుపులో రక్తం కలిసినా తెలిసేది కాదు, నా బుగ్గ మీద ఏది ఎంత ఆరిందో నాకు ఇప్పటికీ తెలీదు. వద్దు అమ్మా, చెలికత్తెగానే వేస్తాలే అని ఒకసారి అన్నాను. నువ్వు మాట్లాడొద్దు, పూత పగులుతాది అనింది. అమ్మ చూపుడువేలికి పక్కు కట్టింది. దానికి ఎవరూ ఏమీ పూయలేదు, మా ఇంట్లో అన్ని మందులుండీ.

వేషం నాకే వచ్చింది. గుంట తగ్గి కాదు, రావాల్సిన ఇంకో పిల్లకి పద్యం రాక. వార్షికోత్సవం సాయంత్రం తిరుపతి నుంచి వచ్చిన మేకప్ ఆయన నన్ను బల్ల మీద కూర్చోబెట్టి, బుగ్గన ఎర్రగా ఈ మరకేందిమ్మా అని విసుక్కుని, కొబ్బరినూనె ముంచిన గుడ్డతో ఒక్క తుడుపు తుడిచి పారేసినాడు. దాని మీద గోడకి సున్నం కొట్టినట్టు గులాబీరంగు మందంగా మెత్తినాడు, గుంటలో ఇంకొంచెం ఎక్కువ కూరినాడు. అయిపోయింది. నేను, చెలికత్తెలు, స్వామి, ఆయన గుర్రం ముందు కాళ్ళు వేసిన పిల్లోడు, అందరం ఒకే రంగులో ఒకే మొహంతో వేదిక ఎక్కినాం. నాయన ఫోనులో తీసిన ఫోటోలన్నీ మా పెళ్ళికూతురని చూపిస్తూ తిరిగినాడు, అందులో సగం చెలికత్తె ఫోటోలు. అమ్మ మూడో వరసలో కూర్చుని చివరిదాకా చూసింది. వేలు కొంగులో పెట్టుకుని ఉంది.

ఆ దసరాకి కొలువు ఉండదేమో అనుకున్నాను. ఒంటి మొగబొమ్మని నిలబెట్టకూడదని అవ్వ అనింది. అమ్మ సరే అని, ఖాళీ పౌడరు డబ్బా ఒకటి తీసుకుని, దానికి పట్టుచీర చుట్టి, మూత మీదుగా కొంగు ముసుగు కప్పి, జత చేసి మొదటి మెట్టు మీద పెట్టింది. పేరంటాళ్ళు వచ్చినారు, శనగలు తిన్నారు, ఎంత లక్షణంగా ముసుగేసుకుని నిలబడిందో సూడు అన్నారు. అమ్మ అందరికీ పసుపు రాసి పంపింది. ఆ తర్వాత మా ఇంట్లో కొలువు లేదు. అడవిలో ఎర్రచందనం దుంగలు పట్టుకున్నారని పేపర్లో చదివి, మొగబొమ్మ కోసం కూడా ఎవరో వస్తారని నాయన దాన్ని కొంతకాలం బియ్యం డ్రమ్ములో దాచినాడు. ఎవరూ రాలేదు. బియ్యం మాత్రం కాస్త ఎర్రబడినాయి.

అవ్వ పోయి కొన్నేళ్ళైంది. చివర్లో మంచాన పడి వీపంతా పుండ్లు పడితే, అమ్మే తిప్పి పడుకోబెట్టి, కొబ్బరినూనె పూసి, మెత్తటి గుడ్డతో అద్దేది, రుద్దేది కాదు. నేను చూసేదానికి పోతే అవ్వ చెయ్యి చాచి నా ఎడమ బుగ్గ తడిమింది, వేలు సరిగ్గా గుంట మీదకే పోయింది. ఏదో చెబుతుందని వంగినాను.

"ఆ పొద్దు గిల్లుకోకుండా ఉండింటే ఎంత బాగుండేదానివమ్మే."

మాట మీద నిలబడే మనిషి. నవ్వినాను. పూత లేదు కాబట్టి ఏమీ పగల్లేదు.

ఆదివారం అమ్మ దేవుడి గదిలోంచి వచ్చేసరికి చేతిలో సానరాయి ఉంది, చంకలో పట్టుగుడ్డ చుట్టిన మొగబొమ్మ ఉంది. రాయి మధ్యలో గుంట పడి ఎన్నిసార్లు కడిగినా పోని ఎరుపుతో ఉంది. ఇప్పుడు గడపకి వేపమండలు కట్టేవాళ్ళు లేరు, గడ్డిచామంతి మొలిచే గోడవారలకి సిమెంటు పోసేసినారు, బావి మీద సంపు మూత ఉంది. అమ్మ వరండాలో కింద కూర్చుని నీళ్ళు చల్లి, మొగబొమ్మని బోర్లా పడుకోబెట్టి, మొహం రాయికి ఆనించి పట్టుకుంది. నాయన పేపరు దించినాడు.

"ఏమే, అది మొగబొమ్మ."

"కనపడతా ఉండాది."

"మొగం కాడి నుంచి అరగదీస్తావా?"

"కాళ్ళ కాడి నుంచి మొదలుపెడితే మొగం దాకా వచ్చేదానికి శానా ఏండ్లు పడతాది," అనింది అమ్మ. "నాకంత ఓపిక లేదు."

నాయన లేచి పోయి, పొద్దున వేసుకున్న బీపీ మాత్ర మళ్ళీ వేసుకున్నాడు. వదిన గులాబీ డబ్బా పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయింది. పిల్ల గడ్డం ఎత్తి అమ్మ ముందు కూర్చుని, అవ్వా, ఇది వాసనే రాలేదే అనింది. రాదమ్మా అనింది అమ్మ. సర్రు సర్రుమని ఆ శబ్దం వినపడుతుంటే నా బుగ్గ చల్లబడింది. ముక్కు కొన అరిగింది, కోరమీసం ఒక పక్క మెల్లగా పలచబడుతోంది. చింతగింజంత మచ్చకి కావాల్సినంత గంధం రాయి మీద ఎప్పుడో పోగైంది. అమ్మ ఇంకా ఆపలేదు.